బీరువా తాళం తీయండి: మా సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

సంఘ కాపరి అయ్యగారికి, డీకన్లకు, కార్యదర్శి, కోశాధికారి గార్లకు, స్త్రీల సమాజం పెద్దలకు,

ప్రభువు నామంలో వందనాలు.

విషయం: గుడి పక్కగదిలో ఉన్న, సంఘం పాత రిజిస్టర్ల ఇనప బీరువా తెరవడం గురించి నాలుగోసారి మనవి.

నేనెవరో మీకు చెప్పనక్కర్లేదు. మీలో సగం మంది నాకు వరసకు తాతలు, పెదనాన్నలు, బాబాయిలు. బాప్తిస్మం రోజు నీళ్లు మింగి దగ్గుతుంటే నా వీపు నిమిరిన పెద్దమ్మ కూడా ఈ లేఖ చదువుతుందని తెలుసు. బయటివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. నాకు 24 ఏళ్లు. మాది ప్రకాశం జిల్లా, గుండ్లకమ్మ ఒడ్డు పల్లె. ఒంగోలులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను, ఆదివారం మన సంఘంలో సండే స్కూలు చెప్తాను, మిగిలిన టైంలో కథలు రాస్తాను. ఇప్పటికి రెండు అచ్చయ్యాయి. మొదటిది చదివి అయ్యగారు "బావుందమ్మా, చివర్లో ఆ అబ్బాయి మారుమనసు పొందినట్టు రాస్తే ఇంకా బావుండేది" అన్నారు. నవ్వాను గానీ ఆ మాట నాకింకా గుర్తుంది.

ఇంటి మాట వీధిలో పెట్టానని మీకు కోపం రావచ్చు. పోయిన ఏడాది మార్చిలో కాగితం మీద రాసి కార్యదర్శి గారి చేతికిచ్చాను. జులైలో ఇంకొకటి. అక్టోబరులో మూడోది, సండే స్కూలు టీచర్లం నలుగురం సంతకాలు పెట్టి. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి "కమిటీలో పెడతాం" అన్నారు. మూడోదానికి "క్రిస్మస్ హడావుడి అయిపోనీయమ్మా" అన్నారు. క్రిస్మస్ అయిపోయింది, కొత్త సంవత్సరమూ వచ్చింది. సంఘం పేరు మాత్రం కావాలనే రాయలేదు. మన గురించే అని మీకు తెలిస్తే చాలు. ఇంకో కారణం కూడా ఉంది, కింద చెప్తాను.

డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో పన్నెండు కొట్టాక పళ్లెంలో వాగ్దాన కార్డులు తిప్పుతారు కదా. కళ్లు మూసుకుని ఒకటి తీస్తాం. ఎవరికి ఏ వాక్యం వచ్చిందో పక్కవాళ్లకు చూపించుకుంటాం. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లల్లేని మా వదినకు ఓసారి 127వ కీర్తన వచ్చి అక్కడే కూలబడి ఏడ్చింది, తర్వాతి ఏడు పాపాయితో వచ్చింది. ఆ కార్డుకు ముందువైపు సూర్యోదయం బొమ్మ, బంగారు రంగు అక్షరాలు ఉంటాయి. వెనకవైపు ఖాళీ. నేను ఆ ఖాళీలో నా తీర్మానాలు రాసుకుంటాను. దేవుడు ముందువైపు మాటిచ్చాడు, వెనకవైపు నేనూ ఇవ్వాలి కదా అని పదో తరగతిలో మొదలుపెట్టిన అలవాటు.

2025 కార్డు ఇప్పుడు నా ముందుంది. దాని వెనక అయిదు రాసుకున్నాను. బైబిలంతా ఒక్క ఏడాదిలో చదవాలి. నెలకో తెలుగు పుస్తకం చదవాలి. పల్లెలో అవ్వలు పాడే పాత కీర్తనలు రికార్డు చేయాలి. మన సంఘంలో పనిచేసిన బైబిలు స్త్రీల (ఆడవాళ్లకు వాక్యం చెప్పిన పరిచారికల) గురించి ఒక పుస్తకం మొదలుపెట్టాలి. సండే స్కూలు పిల్లల చేత చేతిరాత పత్రిక తేవాలి.

మొదటిది నా తప్పే. ఫిబ్రవరిలో లేవీయకాండం దగ్గర ఆగిపోయాను, ఎవరినీ అనను. తక్కిన నాలుగూ నెరవేరకపోవడానికి కారణం ఒక తాళం. నాలుగింటికీ కావలసినవి ఆ బీరువాలో ఉన్నాయి, లేదా ఆ బీరువా ఉన్న గదిలో ఉన్నాయి. తాళంచెవి కోశాధికారి గారి దగ్గరుందని కార్యదర్శి గారంటారు. పాత అయ్యగారు బదిలీ అయినప్పుడు అప్పజెప్పలేదని కోశాధికారి గారంటారు. పాత అయ్యగారికి ఫోన్ చేస్తే, "అది నేను వచ్చిన నాటికే తాళం వేసి ఉందమ్మా" అన్నారు.

2026 కార్డు వెనక కొత్తవేం రాయలేదు. ఆ నాలుగే మళ్లీ ఎత్తి రాశాను. ఈ ఏడు కూడా అవి కార్డు మీదే మిగిలిపోతే నష్టం నా ఒక్కదానిదే అయితే ఊరుకునేదాన్ని. కాదు. ఎవరెవరికి ఎంత నష్టమో వరసగా చెప్తాను.

1. రిజిస్టర్లు.

ఆ బీరువాలో బాప్తిస్మాల రిజిస్టర్లు, పెళ్లిళ్ల రిజిస్టర్లు, మినిట్స్ పుస్తకాలు ఉన్నాయని మా తాత చెప్పేవాడు. ఆయన ఒకప్పుడు వాటికి అట్టలు వేశాడు. బాప్తిస్మాల రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, వయసు, తేదీ అని గడులుండేవట. ఇప్పుడు మన పల్లెలో పెద్దవాళ్ల ఆధార్ కార్డులు తీసి చూడండి. సగం మంది పుట్టినరోజు జనవరి 1. అందరూ నూతన సంవత్సరం రోజే పుట్టారు! తేదీ తెలియదంటే కార్డు తీసే అబ్బాయి అదే కొట్టేశాడు. ఏడాది మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూసి వేశాడు. మా పక్కింటి తాత ఎనభై దాటినవాడు, కార్డులో కొడుకు కంటే పన్నెండేళ్లే పెద్ద. నెలకు 4,000 రూపాయల పింఛను అతనికి ఎన్నేళ్లు ఆలస్యంగా మొదలైందో మీకే తెలుసు. రిజిస్టరు చూపిస్తే ఆఫీసులో ఒప్పుకునేవారో లేదో తర్వాత సంగతి, కనీసం తన వయసెంతో అతనికి తెలిసేది.

పెళ్లిళ్ల రిజిస్టరు సంగతి ఇంకా బరువైనది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద గుడిలో జరిగిన పెళ్లికి పెళ్లి చేసిన బోధకుడు రిజిస్టరులో రాయాలి, వధూవరులు, సాక్షులు సంతకాలు పెట్టాలి. చాలామందికి పెళ్లయిందనడానికి ఆ రాత ఒక్కటే కాగితం. పోయిన ఏడాది భర్త పోయిన ఒక అక్క, అతని ఉద్యోగం తాలూకు ఫ్యామిలీ పెన్షన్ కోసం పెళ్లి పత్రం కావాలంటే మూడు నెలలు మన గుడి చుట్టూ తిరిగింది. చివరికి పెళ్లి ఫొటో ఫ్రేము ఊడదీసి పట్టుకెళ్లింది. ఫొటోలో వెనక నిలబడ్డ అయ్యగారిని చూపించి "ఈయనే చేశారు సార్" అని ఆఫీసులో ఏడ్చింది. ఆమె పెళ్లి రాసిన పుస్తకం ఆమె ప్రతి ఆదివారం కూర్చునే చోటికి పది అడుగుల దూరంలో ఉంది.

పోయిన వర్షాకాలం ఆ గది కప్పు కారింది. బీరువా కాళ్ల దగ్గర చెదల మట్టి నేను కళ్లారా చూశాను. ఇనప బీరువాకు చెదలేం చేస్తాయని ఒక పెద్దాయన నవ్వారు. వెనక రేకు తుప్పుపట్టి అరచేయి పట్టేంత కన్నం పడింది, వంగి చూడండి.

2. పాటలు.

ఇది రాయడం నాకు కష్టంగా ఉంది. మన పల్లెలో బడి ముఖం చూడని ఒక అవ్వకు నలభైకి పైగా పాత కీర్తనలు నోటికి వచ్చేవి. పురుషోత్తమ చౌదరి (1803–1890) కట్టిన కీర్తనలు, ఇంకా ఎవరు కట్టారో తెలియనివి. పాటల పుస్తకంలో ఆ కీర్తనల నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. అవి మనకిప్పుడు ఉత్త అక్షరాలే. అవ్వకు రాగం పేరు తెలియదు, రాగం తెలుసు. నాట్లు వేస్తూ, పసిబిడ్డను ఊపుతూ, శవం దగ్గర రాత్రంతా కూర్చుని పాడిన వరసలవి. కీబోర్డు వాయించే తమ్ముణ్ని ఓసారి అడిగాను, అవ్వ పాడుతుంటే పక్కన వాయించగలవా అని. ప్రయత్నించాడు పాపం. "స్కేల్ కుదరట్లేదక్కా, అవ్వ మధ్యలో ఎక్కడికో వెళ్లిపోతోంది" అన్నాడు. ఆ ఎక్కడికో వెళ్లిపోవడమే నాకు కావలసింది.

జులై అర్జీలో నేను అడిగింది రెండు గంటల సమయం, లైవ్ కోసం కొన్న మైకుల్లో ఒకటి, ఫ్యాను చప్పుడు లేని ఆ పక్కగది. "లైవ్ టీంతో మాట్లాడాలి" అన్నారు. ఆగస్టులో అవ్వ పోయింది. నా ఫోన్లో ఆమె పాట ఒకే ఒక్కటి ఉంది, మధ్యలో కుక్క అరుపు, స్కూటర్ హారన్. భూస్థాపన రోజు సౌండ్ బాక్సులు పెట్టి అందరం కొత్త పాటలే పాడాం. ఆమె పాటలు పాడదామంటే ఎవరికీ రెండో చరణం రాలేదు.

ఇంకా ముగ్గురు అవ్వలున్నారు. ఒకరికి ఇప్పటికే మాట తడబడుతోంది.

3. ఆడవాళ్ల పేర్లు.

ఏటా కొత్త సంవత్సరం ప్రసంగంలో అయ్యగారు ఒంగోలు ప్రార్థన కొండ కథ చెప్తారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర కొండెక్కి, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ని పంపమని ప్రార్థించాడనీ, పన్నెండేళ్లకు 1866లో అదే మిషను నుంచి క్లౌ దొర ఒంగోలు వచ్చాడనీ, 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైందనీ. ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ కొండ మీద ఉన్నది అయిదుగురు. జూయెట్ దొర, దొరసాని, క్రిస్టియన్ నర్సు అనే తెలుగువాడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. ఒకరి తర్వాత ఒకరు అందరూ ప్రార్థించారు. అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. పదేళ్లుగా నేను వింటున్న ప్రసంగంలో జూలియా పేరు, రూతు పేరు ఒక్కసారి కూడా రాలేదు. ఆ చీకట్లో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని రాళ్ల మీద వాళ్లెలా ఎక్కారో నాకు రాయాలని ఉంది.

అలాగే 1878 జులై 3. గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని గొప్పగా చెప్పుకుంటాం. అంతకుముందు రెండేళ్లు కరువు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో క్లౌ దొర కొంత పని కంట్రాక్టుకు తీసుకుని మనవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ మట్టి తట్టలు మోసినవాళ్లలో మా ఇంటి ముత్తవ్వలు ఉన్నారు. అంకె అందరికీ గుర్తుంది. అందులో మన పల్లె వాళ్లెందరు, ఆడవాళ్లెందరు, నీళ్లలోంచి లేచాక ఏ పేరు పెట్టుకున్నారు, ఏ పేరు వదిలేశారు? ఇవి తెలిసే చోటు ఏదైనా ఉంటే అది పాత రిజిస్టరే.

మా తాతమ్మ బైబిలు స్త్రీ. గుడ్డసంచిలో సువార్త పుస్తకాలు, చేతిలో లాంతరు పట్టుకుని సాయంత్రం కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించేదట. మన గుడి శిలాఫలకం మీద 14 పేర్లున్నాయి. దొర పేరుంది, బోధకుల పేర్లున్నాయి, సున్నం బండి తోలినాయన పేరు కూడా ఉంది, ఉండాల్సిందే. ఒక్క ఆడమనిషి పేరు లేదు. ఇది మన ఒక్కరి జబ్బు కాదనుకోండి. 1812లో శ్రీరాంపూరులో అచ్చయిన తొలి తెలుగు సువార్తల వెనక విశాఖపట్నంలో దొరల పక్కన కూర్చుని పనిచేసిన ఆనందరాయరు పేరు మనలో ఎంతమందికి తెలుసు? మనవాళ్ల పేర్లు మనమే రాసుకోకపోతే దొరల ఉత్తరాల్లో ఎక్కడైనా ఉన్నాయేమోనని వెతుక్కోవాలి, అదీ ఇంగ్లీషు స్పెల్లింగులో.

4. పిల్లలు.

సండే స్కూల్లో 31 మంది పిల్లలున్నారు. వాళ్లలో తెలుగు ధారాళంగా చదివేవాళ్లు తొమ్మిది మంది. వాక్యం కంఠతా చెప్పమంటే చెప్తారు, అదే వాక్యం పుస్తకంలో చూపిస్తే కూడబలుక్కుంటారు. మన ముందుతరం బైబిలు చదవడం కోసం అక్షరాలు నేర్చుకుంది, మన గొప్పంతా అదే కదా. ఊళ్లో బడికి రానివ్వని రోజుల్లో గుడే బడి అయింది. ఇప్పుడు గుడిలో బైబిళ్లు, పాటల పుస్తకాలు తప్ప చదవడానికి ఇంకో కాగితం లేదు. వినుకొండలో పుట్టిన జాషువా గారి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. గుండ్లకమ్మ వినుకొండ పక్కనుంచి పారి మన దాకా వచ్చింది గానీ ఆ పుస్తకం రాలేదు. వచ్చి బీరువాలోనే ఉందేమో, అదీ తెలియదు. చేతిరాత పత్రిక అంటే "ఈ వాట్సాప్ కాలంలో ఎందుకమ్మా" అన్నారు. తెలుగులో మొదటి పత్రిక అని చాలామంది చెప్పే 'సత్యదూత' 1835లో బళ్ళారి నుంచి క్రైస్తవులు తెచ్చిందే. మనకు కొత్త పనేం కాదు.

ఇక మీ అసలు భయం. జులైలో ఒక డీకన్ బాబాయి నన్ను వేపచెట్టు కిందకు పిలిచి చెప్పాడు. "పిచ్చిదానా, ఆ రిజిస్టరు ఎవడన్నా ఫొటో తీసి ఎమ్మార్వో ఆఫీసులో పడేస్తే ఎవరి పిల్లల సర్టిఫికెట్ ఏమవుద్దో ఆలోచించావా?" ఆ మాటతో నాకు తాళంచెవి ఎందుకు దొరకడం లేదో అర్థమైంది.

ఆ భయం ఒట్టిది కాదు, నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. బాప్తిస్మం రాత బయటపడితే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందనే భయం అక్కడిదే. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలను వెనకబడిన తరగతుల్లో బీసీ-సీ గ్రూపులో పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఈ సంగతి పరిశీలించమని 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారితో కమిషన్ వేసింది. మతం మారామని ఊళ్లో హోటలువాడు మన తాతలకు గ్లాసు మార్చలేదు, కాగితాల్లో మాత్రం మారిపోయామన్నారు. ఆ అన్యాయం మీద కొట్లాడాల్సింది ఢిల్లీతో. దానికి భయపడి మన చరిత్రను మనమే చెదలకు మేత వేయడం నాకు సబబుగా అనిపించడం లేదు. అయినా పిల్లల చదువుల జోలికి పోయే పని నేను చేయను. నేనూ ఈ పల్లె పిల్లనే. ఈ లేఖలో సంఘం పేరు, నా పేరు లేకపోవడానికి రెండో కారణం ఇదే. అందుకే కింద అడిగినవి కొలిచి, తూచి అడిగాను.

ఇంకో మాట, కొంచెం చిన్నదే. మన సంఘంలో "రాసే పిల్ల" అంటే ఫ్లెక్సీ మేటర్ రాసే పిల్ల. పోయిన ఏడాది పదకొండు ఫ్లెక్సీలకు, మూడు శుభలేఖలకు, అయ్యగారి పెళ్లిరోజు స్టేటస్‌కు నేనే రాశాను. సంతోషంగానే రాశాను. ఆరాధనలో తెర మీద పడే పాటల్లో అచ్చుతప్పులూ నేనే దిద్దుతాను. ఆదివారం ఉదయం ఎనిమిదికి గుడికి వస్తే మధ్యాహ్నం మూడు దాటుతుంది ఇంటికి చేరేసరికి. వారానికి నాకు దొరికే సెలవు అదొక్కటే. నేను ఎవరి కోసమూ కాక నా కోసం, నా దేవుని కోసం ఒక పేజీ రాసుకునే సమయం కూడా ఆ రోజే. అది పరిచర్య కాదని ఎవరూ అనకండి.

నా మనవి ఇది:

1. జనవరి ఆఖరు ఆదివారం ఆరాధన తర్వాత, సంఘం అందరి ముందు బీరువా తెరవాలి. లోపల ఏమేం ఉన్నాయో అక్కడికక్కడే జాబితా రాసి గోడకు అంటించాలి. జాబితా రాసే అయిదుగురిలో ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి.

2. 1950కి ముందు రిజిస్టర్లు, మినిట్స్ పుస్తకాలు మాత్రమే నాకు చూపించండి. మీలో ఒకరు పక్కన కూర్చోండి. ఫొటోలు తీయను, చేత్తో రాసుకుంటాను. ఇంటిపేర్లు, ఊరి పేరు నా పుస్తకంలో ఉండవు. రాసింది అచ్చుకు పోయేముందు మీకు చదివి వినిపిస్తాను. అభ్యంతరం ఉన్న పేరు తీసేస్తాను, కథ మాత్రం మార్చను.

3. 1950 తర్వాతి రిజిస్టర్లు తాళంలోనే ఉంచండి. కానీ తడి తగలని చోటికి మార్చండి, కలరా ఉండలు వేయండి. ఎవరి పెళ్లి కాగితం, ఎవరి బాప్తిస్మం తేదీ వాళ్లు అడిగితే పదిహేను రోజుల్లో నకలు రాసిచ్చే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఫ్యామిలీ పెన్షన్ కోసం తిరిగిన ఆ అక్కకు ముందు ఇవ్వండి.

4. ఫిబ్రవరిలో వచ్చే నాలుగు గురువారాల్లో స్త్రీల కూటం అయ్యాక పక్కగది, ఒక మైకు ఇప్పించండి. అవ్వలను ఇంటినుంచి ఆటోలో తీసుకొచ్చి దించే ఖర్చు నాది. రికార్డు చేసినవి సంఘం దగ్గర ఒక కాపీ, ఆ అవ్వల పిల్లల దగ్గర ఒక కాపీ ఉంటాయి. వాళ్లు ఒప్పుకుంటేనే బయట ఎవరికైనా వినిపిస్తాం.

5. ఈ ఏడు వేసే ఫ్లెక్సీల్లో రెండు తగ్గించి ఆ డబ్బుతో పిల్లలకు పుస్తకాలు కొనండి. ఏ పుస్తకాలో నేను రాసిస్తాను. అన్నీ క్రైస్తవ పుస్తకాలే ఉండవు, ఇప్పుడే చెప్తున్నాను. చందమామ కథలు చదివిన పిల్ల బైబిలు కూడా చదువుతుంది.

6. ఆదివారం పన్నెండున్నర తర్వాత నాకు ఏ పనీ చెప్పొద్దు. తెర మీది పాటలు శనివారమే పంపండి, రాత్రికి దిద్ది ఇస్తాను.

7. వచ్చే జనవరి 1 ప్రసంగంలో జూలియా, రూతుల పేర్లు చెప్పండి అయ్యగారూ. దీనికి కమిటీ తీర్మానం అక్కర్లేదు.

వీటికి ఔననో కాదనో కాగితం మీద, సంతకంతో, ఫిబ్రవరి 18న ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల కూటాలు మొదలయ్యేలోపు జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. "చూద్దాం" అనేది జవాబుగా తీసుకోను. జవాబు రాకపోతే ఇదే లేఖను ప్రతి ఆదివారం గుడి గేటు దగ్గర నిలబడి చదువుతాను. సండే స్కూలు మాత్రం మానను, ఫ్లెక్సీలు కూడా రాస్తాను.

తాళంచెవి నిజంగానే పోయి ఉంటే బెంగ లేదు. ఒంగోలు బస్టాండు పక్క గొడుగులు బాగుచేసే ఆయన తాళాలు కూడా తీస్తాడు. మాట్లాడాను. ఆదివారమైనా వస్తానన్నాడు. ఆయన కూలి, బస్సు చార్జీ నేను ఇచ్చుకుంటాను.

ఇట్లు,
మీ సంఘ సభ్యురాలు, సండే స్కూలు టీచరు
జనవరి 2026